టీవీ కొనేది ఒకరు, చూసేది ఇంకొకరు

దసరా, దీపావళి రోజుల్లో మెదక్ రాందాస్ చౌరస్తా చుట్టుపక్కల ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో కాసేపు నిలబడినా టీవీ ఎవరు కొంటున్నారో తెలిసిపోతుంది. ఉద్యోగం చేసే కొడుకో, హైదరాబాద్‌లో చదివే కూతురో ఫోన్‌లో రివ్యూలు చూసుకుని వస్తారు. 4కె ఉందా, క్యూఎల్‌ఈడీయా, ర్యామ్ ఎంత, గేమ్ మోడ్ ఉందా అని అడుగుతారు. తండ్రి ధర దగ్గర నోరు విప్పుతాడు. టీవీ ఇంటికొస్తుంది, హాల్లో గోడకెక్కుతుంది, మొదటి ఆదివారం అందరూ కలిసి ఒక సినిమా చూస్తారు. సోమవారం నుంచి దాని ముందు కూర్చునేది వేరేవాళ్లు. పొద్దున్నే భక్తి చానల్ పెట్టే నాయనమ్మ, పని తీరాక సీరియల్ చూసే అమ్మ, రాత్రి వార్తల కోసం ఎదురుచూసే తాత, బడి నుంచి వచ్చి కార్టూన్ కోసం మారాం చేసే పిల్లలు. మోడల్ ఎంచిన కొడుకు పక్క గదిలో ఫోన్‌లోనే క్రికెట్ చూస్తుంటాడు. ఈ ఎంపిక తిరగబడాలన్నది నా వాదన. ఇంట్లో సొంత తెర ఎవరికి లేదో వాళ్ల కోసం టీవీ కొనాలి. వాళ్ల కళ్లు, చెవులు, వేళ్లు కొలతగా పెట్టుకుని కొంటే షాపులో మనం అడిగే ప్రశ్నలన్నీ మారిపోతాయి.

ఇది పెద్దవాళ్ల మీద జాలితో చెప్పే మాట కాదు, లెక్క చూసి చెప్పేదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్నవాళ్లు 54 శాతం. ఆ తర్వాత ఈ లెక్క పెరిగే ఉంటుంది. అయినా 50 దాటిన ఆడవాళ్లను ఆ సర్వే అసలు అడగనే లేదు. వాళ్లలో ఫోన్ ఉన్న చాలామందికి కూడా అది మాట్లాడటానికే. వాళ్లకు లోకం కనిపించేది హాల్లో గోడమీదే. మన దగ్గర టీవీ మొదలైందే పదిమంది కలిసి చూసే వస్తువుగా. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరికొక్క సెట్టు. వాటిని తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఆ ఉపగ్రహం ఒక బొమ్మకు రెండు భాషల మాటలు జోడించి పంపేది, చూసేవాళ్లకు మాట అర్థం కాకపోతే బొమ్మ దండగని ఆ ఏర్పాటు చేసినవాళ్లకు తెలుసు. 1982లో దేశానికి రంగుల టీవీ వచ్చేనాటికి ప్రధాని ఇందిరా గాంధీ మెదక్ ఎంపీ కూడా. కానీ మెదక్ పల్లెల్లో ఇంటింటికీ రంగుల టీవీ రావడానికి ఇంకెన్నో ఏళ్లు పట్టింది. అప్పటి డబ్బా టీవీ నుంచి ఇప్పటి పలక టీవీ దాకా ధర తగ్గింది, మందం తగ్గింది. దాంతో పాటు తగ్గినవి ఇంకో రెండున్నాయి, వాటి సంగతి తర్వాత.

ముందు షాపులో కనిపించే బొమ్మ సంగతి. అక్కడ వరసగా వెలిగే తెరల మీద నడిచేది కంపెనీ ఇచ్చిన వీడియో, పెన్‌డ్రైవ్‌లోంచో టీవీ మెమరీలోంచో వచ్చేది. చిలకలు, సముద్రం, తేనె ధార. వెలుతురు, రంగు అన్నీ చివరిదాకా పెంచి ఉంటాయి. మెదక్ ఇంట్లో ఆ టీవీలోకి వచ్చేది ఎక్కువగా కేబుల్ డబ్బా నుంచి. మామూలు ఎస్‌డీ చానల్ బొమ్మలో 720 అడ్డం, 576 నిలువు, అంటే దాదాపు 4 లక్షల 15 వేల చుక్కలుంటాయి. 4కె తెరలో 83 లక్షల చుక్కలు. తెర మీది ప్రతి 20 చుక్కల్లో ఒక్కటే కేబుల్ నుంచి వస్తోంది, మిగతా 19 టీవీలోని చిప్ ఊహించి నింపుతోంది. చౌక టీవీలో ఆ చిప్ ఊహ కూడా అంతంతమాత్రమే, అందుకే ముఖాలు మైనం పూసినట్టు కనిపిస్తాయి. అంతకన్నా ఘోరం ఒకటుంది. చాలా ఇళ్లలో డబ్బాను టీవీకి ఇప్పటికీ ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతోనే కలుపుతారు. 30 వేల టీవీకి పాత డబ్బా టీవీ కాలం నాటి సన్నటి దారి. హెచ్‌డీ డబ్బా పెట్టించి హెచ్‌డీఎంఐ వైరు వేస్తే చుక్కలు 20 లక్షలు దాటుతాయి, అంటే ఎస్‌డీకి 5 రెట్లు. బొకేలో చేర్చే చానల్ ధర 19 రూపాయలు దాటకూడదని ట్రాయ్ 2022లో తేల్చింది కాబట్టి నాయనమ్మ చూసే మూడు నాలుగు తెలుగు చానళ్లను హెచ్‌డీలోకి మార్చడానికి ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు. కొత్త టీవీ కొనడానికి ముందే ఇది చేయాలి. కొన్ని ఇళ్లలో ఇది చేశాక పాత టీవీయే చాలనిపించవచ్చు. షాపువాళ్లు ఈ సలహా ఎందుకివ్వరో చెప్పక్కర్లేదు.

ఇక తెర ఎంత ఉండాలి? ఇక్కడే కుర్రకారు చెప్పేదీ నేను చెప్పేదీ సగం దూరం కలిసి నడుస్తాయి. మామూలు చూపున్న కన్ను రెండు చుక్కల్ని విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య కోణం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఉండాలి. 43 ఇంచుల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే ఆ చుక్కలు కలిసిపోతాయి. హాల్లో సోఫా సాధారణంగా 8 అడుగుల దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి 43 ఇంచుల ఫుల్ హెచ్‌డీకీ, 4కెకీ తేడా చూపు బాగున్న పాతికేళ్ల కుర్రాడికే అందడం కష్టం. శుక్లం ముదురుతున్న కంటికి సమస్య చుక్కలు కాదు. ఆ కంటికి అక్షరం పెద్దదిగా ఉండాలి, నలుపు తెలుపుల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి, తెర మీద కిటికీ నీడ పడకూడదు. చూపు 6/12 ఉన్న మనిషికి మామూలు మనిషి చదివే అక్షరం కన్నా రెండింతలు పెద్దది కావాలి. 32 ఇంచుల నుంచి 43కి వెళితే అక్షరం ఎత్తు మూడో వంతు పెరుగుతుంది, తెర వైశాల్యం 80 శాతం పెరుగుతుంది. వార్తా చానళ్ల కింద పరుగెత్తే స్క్రోలింగ్ తాతకు అందాలంటే డబ్బు పెట్టాల్సింది సైజు మీద. చుక్కల లెక్క దాని తర్వాతే. ఈ సైజులో ఇప్పుడు 4కె సెట్లే ఎక్కువ దొరుకుతాయి, వస్తే రానివ్వండి. దానికోసం వేరేగా డబ్బు పెట్టకుండా ఉంటే చాలు.

సైజు తేలాక మనిషి ఎక్కడ కూర్చుంటాడన్నది చూడాలి. కంపెనీ బొమ్మల్లో కుటుంబం సోఫాలో టీవీకి సూటిగా కూర్చుంటుంది. మన ఇళ్లలో అమ్మ కూరగాయలు తరుగుతూ నేలమీద, నాయనమ్మ గోడవార మంచం మీద, పిల్లలు తెరకు అడుగు దూరంలో. అంటే సగంమంది పక్కనుంచి చూస్తారు. ప్యానెళ్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది కానీ పక్కకు జరిగితే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్ రకంలో నలుపు కాస్త పలచన, పక్కనుంచి చూసినా బొమ్మ మారదు. రాత్రి దీపాలార్పి ఒంటరిగా సినిమా చూసేవాడికి మొదటిది మేలు. పట్టపగలు తలుపు తెరిచి ఉన్న హాల్లో నలుగురు నాలుగు మూలల నుంచి చూసే ఇంటికి రెండోది. పెట్టె మీద ఈ రకం పేరు చాలాసార్లు ఉండదు, కాబట్టి షాపులో ఒక పక్కకు నాలుగడుగులు జరిగి, తర్వాత కిందికి వంగి చూడాలి. ఎత్తు విషయంలోనూ ఇదే పొరపాటు. షోకేసు పైన, స్లాబుకు దగ్గరగా, ఫొటోకు దండ వేసినట్టు బిగించే అలవాటు మనకుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి మూడున్నర, నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది, చాప మీద కూర్చుంటే రెండున్నర. తెర మధ్యభాగం నాలుగడుగులు దాటితే మెడ పట్టేస్తుంది, అందరికన్నా ముందు అరవై దాటినవాళ్లకు.

డబ్బా టీవీ పోవడంతో తగ్గిన రెండింటిలో మొదటిది మాట. పాత టీవీకి వెడల్పు ఉండేది, స్పీకర్ ముందుకో పక్కకో చూసేది. ఇప్పుడు తెర చుట్టూ అంచే లేదు. స్పీకర్లను అడుగుకో, వీపుకో నెట్టేశారు. మాట గోడకు తగిలి, టైల్స్ నేలకు తగిలి, కర్టెన్లు కూడా లేని స్లాబు హాల్లో ప్రతిధ్వనిస్తూ చెవికి చేరుతుంది. వయసుతో వచ్చే వినికిడి లోపం సన్నటి ధ్వనుల దగ్గర మొదలవుతుంది. స, శ, చ, త లాంటి హల్లుల గుర్తు ఆ సన్నటి ధ్వనుల్లోనే ఉంటుంది. అందుకే పెద్దవాళ్లు శబ్దం వినిపిస్తోంది గానీ మాట అర్థం కావట్లేదంటారు, వాల్యూమ్ పెంచుతారు, పక్క గదిలో చదువుకునే పిల్లాడు విసుక్కుంటాడు. రోజూ జరిగే ఈ గొడవకు కారణం నాయనమ్మ చెవి ఒక్కటే కాదు, టీవీ తయారీ కూడా. షాపులో బొమ్మ చూపించినంతసేపు మాట వినిపించరు, వినిపించినా పాటే వేస్తారు. తెలుగు వార్తలు పెట్టమని అడగాలి. వాల్యూమ్ సగంలో ఉంచి పది అడుగుల దూరం నుంచి వినాలి. మాట తేలకపోతే సౌండ్‌బార్‌కు కొంత పక్కన పెట్టుకోవాలి, దాన్ని కలపడానికి ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందో లేదో చూడాలి. స్పీకర్ల మీద రాసే వాట్ల అంకె మాట స్పష్టత గురించి ఏమీ చెప్పదు.

రెండోది మీట. పాత టీవీ నొక్కితే వెలిగేది, చానల్ వచ్చేది. ఇప్పటి స్మార్ట్ టీవీ వెలిగాక ముందు సినిమా పోస్టర్లు, యాప్‌ల గుర్తులు, ప్రకటనలు. అందులోంచి కేబుల్ డబ్బా ఉన్న చోటికి నాలుగు మీటలు నొక్కుకుంటూ పోవాలి. రిమోట్ మీద అంకెలు లేవు. డబ్బాకు ఇంకో రిమోట్. నాయనమ్మ పొరపాటున ఒక మీట నొక్కితే సిగ్నల్ లేదని నీలం తెర వస్తుంది, మనవడు బడి నుంచి వచ్చేదాకా ఆ తెర అలాగే ఉంటుంది. ఇంట్లో ఎక్కువసేపు టీవీ చూసే మనిషి దాన్ని సొంతంగా వెలిగించుకోలేకపోవడం చిన్న లోపం కాదు. వెలిగించగానే చివరగా చూసిన చోటికే వెళ్లే అమరిక చాలా టీవీల్లో ఉంటుంది, సెట్టింగ్‌ల లోతుల్లో. కొనేముందు అది ఉందో లేదో షాపతనితో పెట్టించి చూడాలి. ర్యామ్ ఎంత అన్న ప్రశ్న కన్నా ఇది ముఖ్యమైనది.

దీనికి కుర్రకారు చెప్పే జవాబు నాకు తెలుసు. టీవీ పదేళ్లకు కొంటాం, ఐదేళ్లలో కేబుల్ పోతుంది, అంతా ఇంటర్నెట్టే, కాబట్టి రాబోయే కాలానికి కొనాలి అంటారు. కేబుల్ పలచబడుతున్న మాట నిజం. కానీ ఆ వాదన వాళ్లు కోరేదానికి వ్యతిరేకంగానే తేలుతుంది. టీవీలో అన్నిటికన్నా ముందు ముసలిదయ్యేది దాని స్మార్ట్ భాగమే. ఒక జీబీ ర్యామ్‌తో అమ్మే టీవీ రెండు మూడేళ్లకే నత్తనడక పడుతుంది, కొత్త యాప్‌లు దానిలో ఎక్కవు. అప్పుడు కొన్ని వేలు పెట్టి ఒక స్టిక్ గుచ్చితే సరిపోతుంది. తర్వాత మార్చుకోలేనివి తెర సైజు, ప్యానెల్ రకం, రంధ్రాల సంఖ్య. మార్చుకోగలిగినదాని మీద డబ్బు పోసి, మార్చుకోలేనిదాని దగ్గర పిసినారితనం చేయడం దూరదృష్టి ఎలా అవుతుంది? 4కె సినిమాల సంగతీ అంతే. 2021 చివర్లో భారత్‌లో రేట్లు తగ్గించాక కూడా నెట్‌ఫ్లిక్స్‌లో 4కె ప్లాన్‌కు నెలకు 649 రూపాయలు పెట్టారు. 4కె బొమ్మ గంటకు సుమారు 7 జీబీ డేటా తింటుంది. ఇంటికి మంచి ఫైబర్ కనెక్షన్, ఆ ప్లాన్ రెండూ ఉంటే 4కెకి అర్థం ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇంట్లో అది పెట్టె మీది స్టిక్కరే.

సినిమా, క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు 55 ఇంచులు అడగడంలో తప్పుందనను. 8 అడుగుల నుంచి 43 ఇంచుల తెర 22 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది, 55 ఇంచులది 28 డిగ్రీలు. సినిమా హాల్లో ఉన్న అనుభూతికి 30 డిగ్రీలు కావాలంటారు. కంటికి పెద్ద తెర హాని చేయదు, పెద్దవాళ్లకు అక్షరాలూ పెద్దవవుతాయి. అయితే ఎస్‌డీ కేబుల్ బొమ్మను 55కి సాగదీస్తే లోపాలూ సాగుతాయి, కాబట్టి ముందు సిగ్నల్ మార్చి, తర్వాతే అంత పెద్దదానికి పోవాలి. డబ్బు లెక్క కూడా ఒకటుంది. 32 ఇంచులు దాటిన టీవీల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కాకుండా 25 వేల ధర ఉన్న టీవీ 32 వేల నుంచి 29,500కి వచ్చింది. మిగిలిన రెండున్నర వేలను ఇంకో సైజు పైకి జరిపించాలని ప్రకటనలన్నీ చూస్తాయి. ఆ డబ్బుతో చిన్న సౌండ్‌బారో, హెచ్‌డీ డబ్బాయో వస్తుంది. కరెంటు సంగతి చిన్నది గానీ తీసిపారేసేది కాదు. 43 ఇంచులది 80 వాట్లు, 55ది 130 వాట్లు తీసుకుంటుందనుకుని రోజుకు 6 గంటలు చూస్తే నెలకు తేడా 9 యూనిట్లు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్లలోపు బిల్లు సున్నా. వేసవిలో కూలర్ల వల్ల 195 దగ్గర ఆగే ఇంటికి ఆ 9 యూనిట్లు బిల్లునే తెచ్చిపెడతాయి. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతాయో స్టార్ లేబుల్ మీద ఉంటుంది, కొనేముందు చూడండి.

అసలు టీవీయే వద్దు, పిల్లలు చెడిపోతారు అనే ఇళ్లూ ఉన్నాయి. కానీ కరోనాతో బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ బడి పిల్లలకు పాఠాలు వచ్చింది దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ మీదుగానే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి వెంట పనికి పోతే పిల్లల చదువును నిలబెట్టింది హాల్లోని టీవీ. హాల్లో నలుగురి మధ్య నడిచే తెర మీద పిల్లలు ఏం చూస్తున్నారో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. దుప్పటి కింద వెలిగే ఫోన్ గురించి ఆ మాట అనగలమా?

ఆన్‌లైన్‌లో రెండు వేలు తక్కువకు వస్తుంటే షాపులో ఎందుకు కొనాలన్నది ఆఖరి పేచీ. తక్కువకు రావడం నిజమే, అక్కడ కొనొద్దని చెప్పను. కానీ మెదక్‌కు హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరం. వారంటీ చాలా టీవీలకు ఏడాదే, ప్యానెల్ పగిలితే అది కూడా వర్తించదు, కొత్త ప్యానెల్ ధర దాదాపు టీవీ ధరతో సమానం. చెడిపోతే మెకానిక్ మెదక్ నుంచే వస్తాడా, సంగారెడ్డి నుంచా, హైదరాబాద్ నుంచా, ఎన్ని రోజులకు వస్తాడు అన్నది కొనేముందే కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి మన పిన్‌కోడ్ చెప్పి తెలుసుకోవాలి. జవాబు సరిగా ఉంటే ఆన్‌లైన్‌లో కొనండి. టీవీ లేని పది రోజులు కొడుక్కి ఏమీ కాదు, అతనికి ఫోనుంది. ఆ పది రోజులూ గోడ చూస్తూ కూర్చునేది నాయనమ్మ. ఎక్కడ కొన్నా బిల్లు ఉంచుకోవాలి. సర్వీసులో మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, 5 లక్షలలోపు కొన్న వస్తువుపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు.

ఇంత చూసి కొన్నా బిగించే రోజు అరగంటలో చెడగొట్టుకోవచ్చు. బిగించడానికి వచ్చిన కుర్రాడికి ఇంకో నాలుగిళ్లు ఉంటాయి, అందిన ఎత్తులో మేకులు కొట్టి సంతకం అడుగుతాడు. మేకు కొట్టకముందే నాయనమ్మను ఆమె రోజూ కూర్చునే చోట కూర్చోబెట్టి ఎత్తు గుర్తు పెట్టించాలి. షాపులో పెట్టిన మిరుమిట్ల రంగు మోడ్ తీయించి స్టాండర్డ్‌లోకో, సినిమాలోకో మార్చమనాలి. మాట స్పష్టంగా వినిపించే డైలాగ్ మోడ్ ఉంటే పెట్టించాలి. వెలగగానే కేబుల్‌కే పోయేలా అమర్పించాలి. ఆ తర్వాత టీవీ ఆర్పేసి, రిమోట్ ఆమె చేతికిచ్చి, ఎవరూ చెప్పకుండా తన చానల్ తెచ్చుకోమనాలి. ఆమెకు రాకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.